కొండకు కట్టిన పేక దారం

దగ్గరికి జరుగు రాధికా, ఇంకొంచెం, నా మోకాలికి తగిలినా ఏం కాదులే. గట్టిగా చెప్పేంత ఊపిరి ఈ రోజు నాలో లేదు. హాలహర్విలో మీ అక్క కూతురికి కూడా ఫిట్సే అని, బడి మాన్పించారని, ఇంట్లో చదివించాలంటే పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరిని అడగాలో కనుక్కోమందని వచ్చావు. ఆదోనిలో కొడుకును ఇంట్లోనే చదివించే నిఖత్ నెంబరు మా కోడలు సునంద ఇస్తుంది, పుస్తకాల సంగతి కూడా అదే చెబుతుంది, నాకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదని నీకు తెలుసు. నా దగ్గర ఉన్నది ఒక్క మధ్యాహ్నం. అది చెబుతాను, పట్టుకుపో. మొన్న శనివారం ఆదోనిలో రణమండల కొండ మెట్ల మీద కూర్చున్న ఆ కాసేపు నాలోంచి ఇంకా దిగిపోలేదమ్మా. కళ్లు మూస్తే ఆ మెట్టే. ఇప్పుడూ అక్కడే కూర్చుని ఉన్నాననుకో.

మెట్టు కాలుతోంది. కొంగు మడిచి కింద వేసుకున్నా కాలుతూనే ఉంది. ఎడమ అరచేతిలో కండె, నాడెలో పెట్టి నేసేది, చీరలో అడ్డంగా పోయే ఎర్ర పేక నూలు చుట్టింది. నూలు కొస పైన ఎక్కడో నా మనుమరాలు వసంత మణికట్టుకు కట్టి ఉంది. నా వేళ్ల సందులోంచి దారం పోతోంది, కండె మీద చుట్టు తర్వాత చుట్టు ఊడుతోంది, ఊడుతోందంటే పిల్ల నడుస్తోంది, నడుస్తోందంటే బాగుంది. ఆగింది. ఎందుకు ఆగింది? నీళ్లు తాగుతోందేమో. మెడలో సీసా వేసి పంపాను. ఆగిన దారాన్ని చూస్తూ నేనూ ఊపిరి ఆపాను, ఈ వయసులో ఊపిరితో ఆటలేమిటి నాకు. మళ్లీ కదిలింది. పో తల్లీ, మెల్లగా పో, నీ వెంట నిఖత్ ఉంది, దాని కొడుకు హారూన్ ఉన్నాడు, దాని చిన్న కూతురు ఉంది, ఇంతమంది ఉన్నారు, అయినా ఈ దారం చెబితేనే నాకు నమ్మకం.

ఇదే ఎండ, ఆ రోజు కూడా ఇదే ఎండ, బడిలో ప్రార్థన వరుసలో నిలబడిన వసంత నిలబడినట్టే కూలిపోయిందట. ఎవరో చేతిలో తాళంచెవులు పెట్టారట, ఎవరో ఉల్లిగడ్డ వాసన చూపించారట, వరుసలోని పిల్లలంతా ఏడుస్తూ పరుగెత్తారట. మేము పోయేసరికి పిల్ల బల్ల మీద పడుకుని నన్ను చూసి, అవ్వా నా చెప్పు ఒకటి యాడనో పడిపాయ అంది. అంతే అడిగింది. బడివాళ్లు చెడ్డవాళ్లు కాదులే, మంచిమాటగానే చెప్పారు, బాగైనాక తీసుకొని రండి అన్నారు. ఎప్పుడు బాగవుతుంది? మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది, ఎప్పుడన్నా వస్తుంది, పోతుంది, అని డాక్టరు అన్నాడు. బాగవడం అంటే ఏ రోజు నుంచి లెక్క? నా కొడుకు ఉమేష్ మగ్గం గుంతలోకి దిగి కూర్చుని, ఇంగ బడి లేదు ఏమీ లేదు, ఇంట్లో కండ్ల ముందర ఉండనీ అన్నాడు. సునంద మాత్రం, ఇంట్లోనైనా సదవల్ల కదా అంది. మెల్లగా అంది, కానీ రోజూ అంది.

దారం మెల్లగా పోతోంది. అక్కడ మెట్లు నిలువుగా ఉంటాయి, కొత్తగా పెళ్లయినప్పుడు శ్రావణమాసంలో ఎక్కాను, ఆయన ముందు నడుస్తుంటే వెనక నేను, వెనక్కి తిరిగి చూడడే మనిషి, శేషన్నకు తిరిగి చూడడం రాదు, కానీ నేను ఆగితే ఆగేవాడు. ఎట్లా తెలిసేదో. నా గాజుల చప్పుడు ఆగితే తెలిసేదేమో. ఇప్పుడు ఈ దారం కూడా అంతే. ఆయన పోయాక ఆ మగ్గంలో కొడుకు కూర్చున్నాడు, గుంత అదే, నేను మాత్రం రాట్నం ముందు నుంచి కదల్లేదు. నేనూ బడి గడప దాకా పోయినదాన్నే రాధికా. చంకలో తమ్ముణ్ణి వేసుకుని బడి బయట కూర్చుంటే లోపల పిల్లలు ఎక్కాలు పాడేవాళ్లు, నేనూ పాడేదాన్ని, తమ్ముడు ఏడిస్తే మా నాయన వచ్చి, ఇంగ సాలు, కండెలు సుట్టుపో అన్నాడు. అప్పటి నుంచి చుడుతూనే ఉన్నాను. ఎన్ని చీరలకు పేక చుట్టానో మగ్గాన్నే అడగాలి.

అందుకే పుస్తకాల కోసం వీధి వీధి తిరిగింది నేనే. ఎండలో సునంద కుట్టుపని మానుకుని రాలేదు కదా. మన మగ్గాల వీధిలో ఎవరి పిల్లలు ఏ తరగతి దాటారో నాకు తెలుసు, వాకిట్లో నిలబడి, పాత పుస్తకాలు ఉండాయా అమ్మా అని అడిగేదాన్ని. ఒకరు నవ్వేవాళ్లు, నీకెందుకే అవ్వా ఈ వయసులో అని. ఒకరు బజ్జీల బండికి ఇచ్చేశాం అనేవాళ్లు. దొరికినవి గడప దగ్గర కుప్ప పోస్తే సునంద ఏరేది. ఇది పాతది, పాఠాలు మారినాయి. ఇది రెండో భాగం, మొదటిది లేదు. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకంలో తెలుగు పేజీలే ఎవరో చింపుకుపోయారు, చూడు మన గాచారం. ఫోన్‌లో పాఠాలు వస్తాయన్నారు. వచ్చాయి. ఒకావిడ వచ్చి నీళ్లు గడ్డకట్టడం గురించి చెబుతుంటే తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉండిపోయేది, ఆవిడ నోరు తెరిచి అట్లాగే ఆగిపోయేది. ఫోన్‌లో ఎందరో చెబుతారు, ఎవరిది మొదట, ఎవరిది తర్వాత, ఏది చదివితే ఏది వస్తుంది, అదెవరూ చెప్పరు. రాత్రికి సునంద తల పట్టుకునేది. చదువు చెప్పడం కంటే ఏం చెప్పాలో వెతకడానికే ఒళ్లు హూనమైపోయేదమ్మా మాకు. నేను ఏం చెప్పగలను? సంతలో తూకం చూపించాను. చీర మడతలు లెక్కపెట్టించాను. ఏ పక్షి ఏ కాలంలో వస్తుందో చెప్పాను. అది వినేది, విని, తర్వాత ఏందవ్వా అనేది. తర్వాత ఏమిటో నాకు తెలిస్తే కదా.

"ఏందవ్వా, కొండకు ముగుదాడు ఏసినావే! ఇంటికి ఈడ్సకపోతావా ఏంది?"

మేకలవాడు. అయ్యన్న అని పిలిచారు కింద టీ కొట్టువాళ్లు. నెత్తిన తువ్వాలు, వెనక మేకల మంద, నా చేతి నుంచి పైకి పోయిన ఎర్ర దారాన్ని చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"ముందు నీ మేకలకు ఏసుకోరా ముగుదాడు. పక్కకు తోలుకో, దారం తొక్కిస్తావు."

"మేకలకు దారం కనపడ్తాదా అవ్వా? ఆకు కనపడ్తాది."

నవ్వుకుంటూ పైకే తోలాడు. మేకల వాసన, గిట్టల చప్పుడు, తర్వాత ఎండ ఒక్కటే మిగిలింది. నవ్వు నాకూ వచ్చింది, కానీ నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

నిఖత్ దొరికింది ఆస్పత్రి బెంచీ మీద. ఆదోనిలో ఫిట్సుకు చూపించడానికి పోయి కూర్చుంటే సునంద ఊరికే కూర్చోలేక ఎదురుగా ఉన్న అంగళ్ల బోర్డులు వసంత చేత చదివిస్తోంది. పక్కన బురఖా వేసుకున్న చిన్న వయసామె, ఒళ్లో తల పెట్టుకుని, ఆయాసంతో ఊపిరి ఈల వేస్తున్న కొడుకు. "ఇంట్లోనే సదివిస్తాండారా అక్కా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు మా కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతవరకూ ఎవరూ అట్లా అడగలేదు, బడికి ఎందుకు పంపరు అనే అడిగారు. హారూన్‌కు ఆయాసం, దుమ్ము పడదు, అందుకని నిఖత్ వాణ్ణి ఇంట్లోనే చదివిస్తోంది. ఏ పుస్తకం ముందు పట్టాలో, ఏది వదిలేసినా ఏం కాదో, పదో తరగతి పరీక్ష ఓపెన్ స్కూల్లో రాయొచ్చని, అన్నీ ఆ బెంచీ మీదే చెప్పింది. ఇంకోటి చెప్పింది. పుస్తకం ఎంత చదివినా ఇంట్లో ఉండి ఉండి పిల్లలకు గోడలు కండ్లకు అంటుకుంటాయి, శనివారం శనివారం యాడికన్నా తీసకపోతాను, మీరూ రండి అంది.

పోయాం. ఆదోని పత్తి యార్డుకు పోయాం. నూలు మా ఇంటికి కట్టలుగా వస్తుంది, అది ఇంత తెల్లని కొండగా కుప్పపోసి ఉంటుందని ముసలిదాన్ని నేనూ అప్పుడే చూశాను. పిల్ల జడలో దూది ఇరుక్కుంటే తీయనివ్వలేదు, నాయనకు చూపించాలంది. స్టేషనుకు పోయి బోర్డు మీద మూడు భాషల అక్షరాలు చదివారు, ఆ పేరు ఉర్దూలో ఎట్లా రాస్తారో నిఖత్ కూతురు మాకు గాలిలో రాసి చూపింది. ఒక వారం వాళ్లే ఎమ్మిగనూరుకు వచ్చి మన మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఉమేష్‌కు మాటలు రావు కదా, కానీ హారూన్ అడిగినదానికల్లా నాడె ఆపి చూపించాడు. తుంగభద్ర ఎల్లెల్సీ కాలువ కాడికి పోయినప్పుడు మాత్రం గట్టు మీద వసంత చేయి నేను ఇడవలేదు. ఎక్కడికి పోయినా అంతే, నా చేతిలో దాని చేయి. చెమటకు జారిపోతుంటే కొంగుతో తుడిచి మళ్లీ పట్టుకునేదాన్ని. ఉమేష్ పెట్టిన షరతు అది.

మొన్న శనివారం పొద్దున మళ్లీ చెప్పాడు. "అమ్మా, కాలువ ఏరే, కొండ ఏరే. పాప చెయ్యి ఇడిసేది లేదు. ఈతూరి గిన బయట ఫిట్సు వచ్చె అంటే, ఈ తిరుగుల్లు బందు. ఆ పుస్తకాలు గూడా బందు. ఇంట్లో కండెలు సుట్టుకుంటా ఉంటాది." కండెలు చుట్టుకుంటా. నా ముందే అన్నాడు, రాట్నం ముందు కూర్చున్న నా ముందే. తప్పుగా అనలేదు, భయంతో అన్నాడు. వాడికి తెలియదు ఆ మాట నా పక్కటెముకల్లో ఎక్కడ దిగిందో. సరేరా, ఇడవను అన్నాను.

ఇడిచాను కదా. కొన్ని మెట్లకే మోకాళ్లు నావి కావన్నాయి. కూర్చుండిపోయాను. నిఖత్ నా ముఖం చూసి, "అందరం దిగిపోదాం లే అవ్వా, ఇంగోసారి వస్తాం" అంది. వసంత ఏడవలేదు, మారాం చేయలేదు, పైకి చూసింది, తర్వాత నా సంచిలో చెయ్యి పెట్టింది. సంచిలో కండె ఎప్పుడూ ఉంటుంది మగ్గమోళ్లకు, జేబులో దువ్వెన ఉన్నట్టు. కొస లాగి మణికట్టుకు కట్టుకుంది. "కండె నువ్వు పట్టుకో అవ్వా. ఇది నా చెయ్యి ఇడిసినట్ల కాదు." తొమ్మిదేళ్ల పిల్లకు వచ్చిన ఉపాయం. నేను కాదంటే దిగిపోతారు. అవునంటే... అవునన్నాను.

దారం ఆగి చాలాసేపైంది.

నీళ్లు తాగడానికి ఇంతసేపా? కొండ మీది కోట దర్వాజా దగ్గర నీడ ఉంటుంది, కూర్చున్నారేమో. నిఖత్ పాఠం చెబుతోందేమో. కండె నా చేతిలో బొమ్మలా ఉంది. మెల్లగా, చాలా మెల్లగా, వేలితో లాగాను. పైన ఆ చేయి బరువు తగలాలి. తగల్లేదు. ఇంకొంచెం లాగాను. వచ్చింది. బరువే లేకుండా, నీళ్ల మీద వెంట్రుక తేలి వచ్చినట్టు ఎర్ర దారం మెట్టు మీద నుంచి మెట్టు మీదకి నా దగ్గరికి వచ్చేస్తోంది. తెగిపోయింది.

అప్పుడు చూశాను నా చేతిలో ఉన్నదేమిటో. పేక నూలు. ఇన్నేళ్లు చుట్టిన చేతులు, ఒక్కసారి ఆలోచించలేదు. నిలువు పోగులు, పడుగు నూలుకు గంజి పెడతాం, కుంచె తోలి దువ్వుతాం, మగ్గం అచ్చు పళ్ల మధ్య వేలసార్లు రాపిడి పడినా నిలబడుతుంది. పేకకు గంజి ఎక్కడిది, నీళ్లలో తడిపి చుడతాం, ఆ తడి కూడా బస్సులోనే ఆరిపోయింది. ఇంత మెత్తటిదాన్ని తెచ్చి బండరాళ్ల మీద ఈడ్పించాను. ఇంకెవరైనా ఉత్త తాడు తెచ్చేవాళ్లు, మగ్గం ఇంటిదాన్ని కాబట్టి కండె తెచ్చాను. లేవబోయాను. చేతులు మెట్టుకు ఆనించి లేవబోయాను, మోకాలు మడత తీయలేదు, మళ్లీ కూలబడ్డాను. వసంతా అని అరిచాను. మగ్గం మీద పోగు తెగితే ఆయన అరిచేవాడు కాదు, నాడె ఆపేవాడు, తల వంచి వేలితో కొస వెతికేవాడు, అంతే, ఆయనకు కొస చేతికందేంత దూరంలో ఉండేది. నా కొస కొండ మీద ఉంది. ఎంత అలిసిపోయానో అప్పుడు తెలిసింది నాకు. ఈ ఎక్కడం వల్ల కాదు. వాకిళ్లలో అడిగి, బస్సులు ఎక్కి దిగి, చెమట చేయి పట్టుకుని పట్టుకుని, నేను చదవని చదువు వెంట పరుగెత్తి. పిల్ల ఎప్పుడు పడుతుందో ఎప్పుడు పడుతుందో అని నిద్రలో కూడా వినడం. కాసేపు, ఒక్క కాసేపు, ఇంకెవరైనా పట్టుకోండి తల్లీ అనిపించింది.

ఫోన్ మోగింది. ఉమేష్. వెనక మగ్గం టకటక వినపడుతూనే ఉంది, ఫోన్ చెవికీ భుజానికీ నొక్కిపెట్టి నేస్తూ మాట్లాడతాడు వాడు.

"అమ్మా, యాడుండారు?"

"రణమండల కాడ."

"పాప చెయ్యి పట్టుకోనుండావా?"

దారం ఆడుతుంటే పట్టుకున్నానని అనేదాన్నేమో. తెగిన కొస ఒళ్లో పెట్టుకుని ఎట్లా అనను?

"లేదురా. నా కాళ్లు పడిపాయ. పాప పైకి ఎక్కతాంది. నిఖత్ ఉండాది, హారూన్ ఉండాడు."

మగ్గం ఆగింది.

"ఇడిస్తివా?"

"ఇడిస్తి."

తిడతాడనుకున్నా. తిడితే బాగుండు అనుకున్నా.

"మాత్ర ఏస్తిరా?"

"పొద్దున్నే ఏస్తిమి, బువ్వ తిన్నాక."

"నీల్లు?"

"సీసా దాని మెడలోనే ఉండాది."

ఫోన్ పెట్టలేదు. అక్కడ వాడు గుంతలో, ఇక్కడ నేను మెట్టు మీద. తర్వాత మగ్గం ఒక దెబ్బ కొట్టింది. ఆగి ఇంకో దెబ్బ. "దిగినంక చెయ్" అని పెట్టేశాడు.

ముందు హారూన్ గొంతు వినపడింది, తర్వాత చిన్నపిల్ల నవ్వు. మలుపు దగ్గర వసంత. పుల్లకు ఎర్ర దారం చుట్టుకుంటూ, చుట్టుకుంటూ, తల వంచుకుని దిగుతోంది, మెట్టు చూడట్లేదు, దారం చూస్తోంది.

"అవ్వా! మేకలు తెంపె! కొస బండ కింద ఉండె, యెతికి ముడేస్తి. మళ్లా తెగె. మళ్లా ఏస్తి."

నేను దాని ముఖం పట్టుకున్నాను. నుదుటికి మట్టి అంటింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిఖత్ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఫిట్సు వచ్చె అవ్వా. దర్వాజా కాడ. పక్కకు తిప్పి పండబెడితిమి, హారూన్ నా దుపట్టా మడిచి పాప తల కింద పెట్టె. చేతిలో ఏమీ పెట్టలే, నోట్లో ఏమీ పెట్టలే. కాసేపటికి కండ్లు తెరిచె. డాక్టరు చెప్పినట్లే చేస్తిమి."

"తర్వాత?"

"తర్వాత ఎవురూ పైకి పోలే. అందరం ఆడనే కూర్చుంటిమి. ఆడ నుంచి రైలుపట్టా కనిపిస్తాది, పత్తి చేన్లు కనిపిస్తాయి. ఈ పొద్దు పాఠం అదే అనుకుంటిమి."

"నేను కోట సూడలే," అంది వసంత, పుల్ల నా ఒళ్లో పెడుతూ. "నా వల్ల హారూన్ గూడా సూడలే. మళ్లా రావల్ల."

దిగినాక వాడికి ఫోన్ చేసి, బస్సెక్కతాండాము అని మాత్రం చెప్పాను. బస్సులో అది నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది, ఫిట్సు తర్వాత నిద్ర అట్లా ముంచుకొస్తుంది దానికి. నేను కిటికీ ఊచకు తల ఆనించి, ఉమేష్‌కు ఏం చెప్పాలా అనుకుంటూ ఉన్నాను. చెప్పకపోతే వచ్చే శనివారం ఉంటుంది. చెబితే పిల్లకు రాట్నమే మిగులుతుంది. పుల్ల మీది దారంలో ముడులు వేలికి తగులుతున్నాయి, వేసిన ప్రతి ముడీ బొంగరమంత.

ఎమ్మిగనూరు బస్టాండులో వాడు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద నూలు దుమ్ము కూడా దులుపుకోలేదు. నేను నోరు తెరిచేలోపే పిల్ల చెప్పేసింది, నిద్రకళ్లతోనే.

"నాయనా, ఫిట్సు వచ్చె. పోయె. పాఠం చెప్పుకుంటిమి."

వాడు నన్ను చూడలేదు. పిల్ల చేతిలోని పుల్ల తీసుకున్నాడు. దారం ఒక చుట్టు విప్పి ముడి దగ్గర ఆగాడు, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. బస్సులు పోతున్నాయి, అరుస్తున్నారు, వాడు ముడి చూస్తున్నాడు.

"ఎవురేసిరి?"

"నేనే."

"లావైంది. నాడెలో పట్టుకుంటాది." ఇంకో ముడి చూశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "కొండకు పేక నూలు కడ్తారామ్మా ఎవురన్నా? అదెంతసేపు ఆగుతాది?" నా చేతిలో సంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచాడు, నడుస్తూ అన్నాడు, తిరిగి చూడకుండా, అచ్చం వాళ్ల నాయన మాదిరే, "ఈతూరి పడుగు నూలు తీసకపోండి."

అంతే రాధికా. ఈ మాట మనసులో పెట్టుకో. హాలహర్వికి పోయినప్పుడు మీ అక్కకు నెంబరు ఒక్కటే ఇచ్చి రాకు, ఇది కూడా చెప్పు, మీ అక్క ఇంకెవరికైనా చెబుతుంది. మేకలు తెంపినాయని చెప్పి నవ్వించు, నేను పేక నూలు తీసుకుపోయానని చెప్పు, నవ్వనీ. కానీ పిల్లకు పైన ఫిట్సు వచ్చిందన్న మాట మాత్రం మింగేయకు. రాలేదని చెబితే కథ తేలికవుతుంది, మీ అక్కకు పనికిరాదు. వచ్చింది అని చెప్పు. వచ్చిందని చెప్పి, ఆ తర్వాతది చెప్పు.